మూడో వంతు నీళ్లు చాలు

కోల్‌కతాలో బాగ్‌బజారు పక్కనే గ్యాలిఫ్ స్ట్రీట్ ఉంది. ఆదివారం పొద్దున్నే అక్కడ పావురాలు, కుక్కపిల్లలు, పూలమొక్కలతో పాటు అక్వేరియం చేపల సంత కూడా సాగుతుంది. కొన్న చేప దూరం వెళ్లాలంటే అమ్మేవాడు కవరులో మూడో వంతే నీళ్లు పోస్తాడు. మిగతా గాలిని పిండేసి, సిలిండర్ గొట్టం పెట్టి ఆక్సిజన్ నింపి, రబ్బరు బ్యాండు బిగిస్తాడు. 'దాదా, ఇంకొంచెం నీళ్లు పొయ్యవా' అని మనం బతిమాలినా వినడు. వినకపోవడమే మంచిది.

ఎందుకంటే, ఎండాకాలంలో లీటరు నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ మహా అయితే 8 మిల్లీగ్రాములు. లీటరు శుద్ధ ఆక్సిజన్ బరువు దాదాపు 1,300 మిల్లీగ్రాములు. అంటే కవరులో ఒక లీటరు నీళ్లు పెంచితే చేపకు ఒరిగే ఊపిరి కాస్తే, దానికి నూట అరవై రెట్ల ఊపిరి తగ్గిపోతుంది.

ఊపిరి సమస్య తీరాక మిగిలే శత్రువు చేప ఒంట్లోంచే వస్తుంది. తిన్న తిండిలోని మాంసకృత్తులు కరిగి అమ్మోనియాగా మారి మొప్పల గుండా నీళ్లలోకి పోతాయి. అందుకే ప్రయాణానికి ఒక రోజు ముందే మేత ఆపేస్తారు. ఊరికి పోయే పిల్లలకు పెట్టినట్టు దారి కోసం కడుపు నిండా పెడితే, ఆ తిండే కవరులో విషమవుతుంది. ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న చేప రెండు మూడు రోజులు పస్తున్నా చలించదు. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లలు మాత్రం తట్టుకోలేవు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. మూతి కట్టిన కవరులో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో చేరి నీటిని కాస్త ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లం పెరిగితే అమ్మోనియా అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉండిపోతుంది. చేప తన మలినానికి తనే విరుగుడు తయారుచేసుకుంటుందన్న మాట. కానీ మధ్యలో ధాబా దగ్గర ఆగి, 'బతికే ఉందా' అని కవరు విప్పి చూశామా, ఆ వాయువు బయటికి పోతుంది, ఆమ్లం తగ్గుతుంది, అమ్మోనియా మళ్లీ విషరూపానికి వస్తుంది. నింపిన ఆక్సిజన్ కూడా పోతుంది. నన్నడిగితే, దారిలో చచ్చిన చేపల్లో చాలా వాటిని చంపింది గుంతల రోడ్డు కాదు, ఈ పరామర్శే.

ఇల్లు చేరాక కూడా అంతే. కట్టిన కవరును కట్టినట్టే పదిహేను ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనివ్వాలి, వేడి సమానమవుతుంది. తర్వాత విప్పి, చేపను వలతో తీసి వదలాలి. కవరు నీళ్లు తొట్టిలో పోయకూడదు. రోజంతా ప్రయాణం చేసిన కవరును విప్పి, అందులోకి చుక్క చుక్కగా తొట్టి నీళ్లు కలుపుతూ గంటసేపు కూర్చోవడం మంచి అలవాటు కాదు.

ప్లాస్టిక్ రాకముందు బెంగాల్లో ఈ పని మట్టికుండలు చేశాయి. వానాకాలంలో గంగలో పట్టిన బొచ్చె, రోహు పిల్లలను కడుపు వెడల్పు, మూతి ఇరుకు ఉన్న హాండీల్లో పోసి, కావడి మోసి, రైలెక్కించి వేరే రాష్ట్రాలకు తీసుకెళ్లేవారు. కుండలతో పాటు మనుషులూ పెట్టెలోనే కూర్చుని చేత్తో నీళ్లు చిలకరిస్తూ ఉండేవారు, స్టేషన్లలో నీళ్లు మార్చేవారు. కావడి ఊపుకు నీళ్లు కదిలి గాలి కలుస్తుంది. మట్టికుండ చెమర్చి నీళ్లను చల్లగా ఉంచుతుంది. కొందరు ఎర్రమట్టి పొడి కూడా చల్లేవారు, నీళ్లలోని మలినం దానితో పేరుకుని అడుక్కి దిగుతుంది. ఏరేటర్, కూలర్, ఫిల్టర్ మూడూ ఆ కుండలోనే ఉన్నాయి! 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి హార్మోన్ సూదితో కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించాక నది మీద ఆధారపడే అవసరం క్రమంగా తగ్గింది. జాతీయ మత్స్య రైతుల దినోత్సవం ఆ తేదీనే. కోల్‌కతాకు ఉత్తరాన ఉన్న నైహాటి మాత్రం ఇప్పటికీ చేపపిల్లల వ్యాపారానికి పేరున్న ఊరే.

అందరూ కుండంత అదృష్టవంతులు కారు. 1873లో అమెరికాలో చేపల కోసమే ప్రత్యేకంగా సిద్ధం చేసిన రైలుపెట్టె కాలిఫోర్నియాకు బయలుదేరి, నెబ్రాస్కాలో ఎల్క్‌హార్న్ నది మీది వంతెన కూలడంతో నదిలో పడింది. చేపలకు మజిలీ అక్కడే దొరికింది.

కోల్‌కతా బజార్లలో కోయి, మాగుర్, శింగి చేపలను అల్యూమినియం గిన్నెల్లో, అరచేతి లోతు నీళ్లలో ప్రాణాలతోనే అమ్ముతారు. (ఈ కోయి జపాను రంగుల చేప కాదు.) మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చే అవయవం ఉండటమే వాటి బలం. మన కొర్రమీనుదీ అదే జాతకం. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసం మందుగా ఇచ్చే చేప ప్రసాదానికి జనం చిన్న కవర్లలో కొర్రమీను పిల్లలను పట్టుకుని గంటల తరబడి వరసలో నిలబడగలగడం దాని చలవే. మందు పనిచేస్తుందా అన్నది వేరే గొడవ. అక్వేరియంలో ఫైటర్, గౌరామీలు కూడా గాలి పీల్చేవే. వీటికి నీళ్ల పైన ఖాళీ తప్పనిసరి. ఫైటర్‌కు ఒక్కోదానికి ఒక్కో కవరు, లేకపోతే దారిలోనే కురుక్షేత్రం.

జెల్ల, సక్కర్ లాంటి వాటికి రెక్కల్లో ముళ్లుంటాయి, కవరును పొడిచేస్తాయి. మూత ఉన్న బకెట్టే నయం. కవరు వాడక తప్పకపోతే ఒకదానిలో ఒకటి పెట్టి, మూలలు మడిచి టేపు వేయాలి. లేకపోతే చిన్న చేపలు ఆ మూలల్లో ఇరుక్కుని చచ్చిపోతాయి.

కోల్‌కతా పొలిమేర డాన్‌కుని నుంచి చెన్నైకి వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ దాదాపు 1,200 కిలోమీటర్లు. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చేప మంచుపెట్టెల్లో లారీలెక్కి హౌరా బజారుకు పోయేది కూడా ఈ దారిలోనే. కోల్‌కతా నుంచి ఎదురుగా కారులో మీరు తెచ్చుకునే గప్పీలకు మంచు అక్కర్లేదు, నీడ కావాలి. నీటి వేడి పది డిగ్రీలు పెరిగితే చేపకు కావలసిన ఆక్సిజన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. అందుకని కవర్లను థర్మాకోల్ పెట్టెలో పెట్టి, మూత వేసి, ఏసీ తగిలే చోట, సీట్ల మధ్య నేల మీద ఉంచాలి. డిక్కీలో వద్దు. చీకటిలో చేప కుదురుగా ఉంటుంది, ఊపిరీ తక్కువే తీసుకుంటుంది.

అన్నిటికంటే దూరం పోయిన అక్వేరియం చేపల్లో జీబ్రా ఒకటి. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ఎడిన్‌బరోలో అచ్చువేసిన గంగానది చేపల పుస్తకంలో దాన్ని మొదట వర్ణించాడు. ఆయన అంతకుముందు కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు సూపరింటెండెంట్. 1976లో జీబ్రాలు సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూట్-5కు వెళ్లాయి. 2024 ఏప్రిల్‌లో నాలుగు జీబ్రాలు షెన్‌జౌ-18 ఎక్కి చైనా అంతరిక్ష కేంద్రం చేరాయి.

తొట్టి సంగతి క్లుప్తంగా: రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో 56 లీటర్ల నీళ్లు, అంటే 56 కిలోలు. నీళ్లతో కదిలిస్తే సిలికాన్ అతుకులు వీడిపోవచ్చు. ఫిల్టర్ మాత్రం పారేయకండి, ఆరనివ్వకండి. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురం ఉంటుంది. దాన్ని తొట్టి నీళ్లలో తడిపి, గాలి తగిలేలా మూత తీసిన డబ్బాలో తీసుకెళ్లాలి. కొత్త ఊళ్లో నేరుగా కుళాయి కింద పెట్టి కడిగితే క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను తుడిచిపెడుతుంది. కుళాయి నీళ్లు తొట్టిలో పోసేముందు అక్వేరియం షాపులో యాంటీ క్లోరిన్ అడగండి, అందులో ఉండేది సాధారణంగా ఫొటో స్టూడియోవాళ్లు వాడిన హైపోయే.