వినాయకుని గంటము, అనువాదకుని మీటలు

వ్యాసమహర్షి భారతం చెప్పుచుండగా వినాయకుడు వ్రాసిన కథ తెలుగువారికి క్రొత్త కాదు. గంటము ఆగకూడదన్నది వ్రాసేవాని షరతు. అర్థం గ్రహించనిదే ఒక్క అక్షరమైనా వ్రాయరాదన్నది చెప్పేవాని షరతు. ఒకటి వేగానికి, రెండవది వివేకానికి సంబంధించినవి. కంప్యూటరు సాయంతో జరిగే నేటి అనువాదానికి కూడ ఈ రెండు షరతులే ప్రాణమంటే ఆశ్చర్యం కలుగవచ్చును.

అమెరికాలో యంత్రానువాదం మహోత్సాహంతో మొదలైంది. 1954 జనవరి 7వ తేదీన న్యూయార్కులో జార్జిటౌన్ విశ్వవిద్యాలయం, ఐ.బి.ఎం. సంస్థ కలిసి, 250 పదాలు, 6 వ్యాకరణ సూత్రాల ఆధారంగా రష్యన్ వాక్యాలను యంత్రం చేత ఆంగ్లంలోకి మార్పించి చూపినవి. కొద్ది సంవత్సరాలలో మనుష్యుని అవసరమే ఉండదని పలువురు ఆశించారు. కాని 1966లో ఆల్పాక్ అనే నిపుణుల సంఘం ఇచ్చిన నివేదిక ఆ ఆశపై నీళ్ళు చల్లినది.

1980లో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాలో ఆల్టోలో ఉన్న జిరాక్స్ పరిశోధనా కేంద్రం నుండి మార్టిన్ కే అనే భాషాశాస్త్రవేత్త మరొక మార్గాన్ని సూచించారు. యంత్రం అనువాదకుని స్థానాన్ని ఆక్రమించరాదు, అతని ప్రక్కన లేఖకుడై కూర్చొనవలెను అన్నది ఆయన వాదం. ఆయన ఊహించిన తెర రెండు గవాక్షాలుగా విభజింపబడినది. పైదానిలో మూలం, క్రిందిదానిలో అనువాదం. తెలిసినంతవరకు యంత్రం సాయపడుతుంది, తెలియనిచోట అడుగుతుంది. నేటి అనువాద సాధనాలన్నింటిలోను ఈ ఊహ ఛాయలు కనిపిస్తాయి.

కిటికీల నడుమ నడక

ఇప్పుడు గవాక్షాలు రెండింటితో ఆగలేదు. 2000లో మొదలై, ఉచితంగా లభించే ఒమేగాటి అనే సాఫ్ట్‌వేరునే తీసుకొందాము. ఒక గవాక్షంలో వాక్యం వెంట వాక్యంగా మూలమూ అనువాదమూ, మరొకదానిలో పూర్వం చేసిన అనువాదాలలో ఇప్పటి వాక్యాన్ని పోలినవి, ఇంకొకదానిలో పారిభాషిక పదాలు, వేరొకదానిలో అనువాదకుడు తన కొరకు వ్రాసికొన్న గమనికలు ఉంటాయి. మన పండితుల వ్రాతబల్లపై మూలగ్రంథం, వ్యాఖ్యానం, నిఘంటువు పరచుకొని ఉండే తీరే ఇది. చేయి బల్లమీద తడుములాడినట్లు తెరమీద తడుములాడితే పని సాగదు.

ఆ తడుములాటకు లెక్క కట్టినవారు ఉన్నారు. 1980లోనే, అదే జిరాక్స్ కేంద్రానికి చెందిన స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరాన్‌లు, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలెన్ న్యూవెల్‌తో కలిసి కంప్యూటరు వాడుకలోని కదలికలకు కాలమానం నిర్ణయించారు. చేయి తిరిగిన లేఖకుడు ఒక మీట నొక్కుటకు సుమారు 0.2 సెకండు, మీటల పలక నుండి మౌస్‌కు చేయి మార్చుటకు 0.4 సెకండు, తెరపై గురి చూచుటకు 1.1 సెకండు పడుతుంది. మౌస్ పట్టి, గురి చూచి, నొక్కి, చేయి వెనుకకు తెచ్చుకొనుటకు మొత్తం 2.1 సెకండ్లు. రెండు మీటల సంకేతానికి 0.4 సెకండు చాలును. తేడా 1.7 సెకండ్లు. 500 వాక్యాల పత్రంలో వాక్యానికి మూడుసార్లు గవాక్షం మారవలసివస్తే, ఆ తేడా 2,550 సెకండ్లు, అనగా 42 నిమిషాలకు పైమాటే.

కాలం కంటె విలువైనది ధ్యాస. వీణ వాయించువాడు మెట్టు మెట్టుకు చేతివైపు చూచుకొంటే రాగం నిలువదు. వాక్యాన్ని మనస్సులో నిలుపుకొన్న అనువాదకుని స్థితి కూడ అంతే.

సంకేతం వెనుక గణితం

కంట్రోల్ మీటకు ఆ శక్తి ఎక్కడిది? 1963లో ప్రకటింపబడిన ఆస్కీ సంకేతావళిలో ప్రతి అక్షరానికి ఒక సంఖ్య ఉన్నది. ఆంగ్లంలోని పెద్ద సి అక్షరానిది 67. కంట్రోల్ పట్టి నొక్కితే అందులోనుండి 64 తీసివేయబడి 3 మిగులుతుంది. ఆ సంఖ్య అక్షరం కాదు, ఆజ్ఞ. నేటి కంప్యూటరులో మీట నొక్కిన వార్త ముందుగా నిర్వాహక వ్యవస్థకు చేరుతుంది. ఆ క్షణాన ఏ గవాక్షం మేల్కొని ఉన్నదో దానికే అది అందుతుంది. గవాక్షం మారకుండా మీట నొక్కితే ఆజ్ఞ మరొకరి ఇంటి తలుపు తట్టుటకు కారణం ఇదే.

ఒమేగాటిలో కంట్రోల్‌తో ఎన్ నొక్కితే తరువాతి వాక్యం, పి నొక్కితే ముందటి వాక్యం, యు నొక్కితే ఇంకను అనువాదం కాని వాక్యం, జె నొక్కితే కోరిన సంఖ్య గల వాక్యం ఎదుట నిలుస్తాయి. ఐ నొక్కితే పోలిక కుదిరిన పాత అనువాదం వచ్చి చేరుతుంది. గమనికలున్న వాక్యాల మీదుగానే ముందుకు, వెనుకకు సాగే ఆజ్ఞలు కూడ ఉన్నాయి. వాటికి ఎవరికి నచ్చిన మీటలను వారు నిర్ణయించుకొనవచ్చును.

తెలుగువాని వేళ్ళకు మరొక బరువు కూడ ఉన్నది. టెక్సాస్ రాష్ట్రంలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్.టి.యస్. పద్ధతిలో చిన్న ఎన్ నకారము, పెద్ద ఎన్ ణకారము. చిన్న ఎల్ లకారము, పెద్ద ఎల్ ళకారము. అక్షర భేదానికే షిఫ్ట్ మీట ఖర్చవుతున్నది. దానికి తోడు తెలుగునుండి ఆంగ్లానికి, ఆంగ్లంనుండి తెలుగుకు పలక మార్చుకొనుటకు వేరొక సంకేతం కావలెను. కనుక మన అనువాదకునికి మీటల క్రమం చేతికి పట్టుబడుట మరింత అవసరం.

ఒక్క క్రియ తేడా

అయితే వేగంలోనే అపాయం కూడ పొంచి ఉన్నది. అమెరికాలో కొడుకు ఇంటికో, కూతురు ఇంటికో వచ్చిన తల్లిదండ్రుల చేతికి తెలుగులో ఒక మందుల సూచనపత్రం అందినదనుకొందాము. పాత అనువాదంలో “ఈ మాత్రను భోజనానికి ముందు వేసుకొనవలెను” అని ఉన్నది. క్రొత్త మూలంలో అదే వాక్యానికి నిషేధార్థకమైన చిన్న మాటలు రెండు చేరినవి. యంత్రం కంటికి రెండు వాక్యాలు చాలవరకు పోలినవే. ఒక్క మీటతో పాత వాక్యం దిగుతుంది. ఆంగ్లంలో నిషేధం వాక్యారంభంలోనే కనిపిస్తుంది, తెలుగులో అది చివరి క్రియలో ఒదిగి ఉంటుంది. “వేసుకొనవలెను” అన్నది “వేసుకొనరాదు” కావలసి ఉండగా, త్వరపడిన కన్ను వాక్యం చివరిదాకా పోదు. కంప్యూటరు తప్పు చూపదు. అక్షరదోషం లేదు, వ్యాకరణదోషం లేదు. దోషమంతా అర్థంలో ఉన్నది. దాని ఫలితం రోగి శరీరంలో తేలుతుంది.

ఇక్కడ ఆదుకొనేది గమనికల గవాక్షం. సందేహం కలిగిన క్షణాన ఆ వాక్యానికి “వైద్యుని అడుగవలెను” అని రెండు మాటలు వ్రాసి ముందుకు సాగవచ్చును. పని ముగిసిన పిదప గమనిక నుండి గమనికకు నడిచి, ఒక్కొక్క సందేహాన్ని తీర్చుకొనవచ్చును. పూర్వం తాళపత్రం అంచున లేఖకుడు చేర్చిన చిన్న వ్రాత చేసిన పని ఇదే. పత్రాన్ని అప్పగించుటకు ముందు గమనికలన్నీ తీరినవా అని చూచుకొనుట మంచి అనువాదకుని కట్టుబాటు.

ఈనాడు యంత్రం పూర్తి వాక్యాలనే క్షణంలో వండి వడ్డిస్తున్నది. వినాయకుని షరతు నెరవేరినట్లే, గంటము ఆగుట లేదు. వ్యాసుని షరతు మాత్రం మీట వద్ద కూర్చున్న మనుష్యుని మీదనే ఉన్నది. పాత వాక్యాన్ని దింపే మీట నేర్చినవాడు, సందేహం వద్దకు వెనుదిరిగే మీటను కూడ నేర్వవలెను.