తేలికపాటి వాహన నిర్మాణంలో లోహ–కాంపోజిట్ అతుకులు

వాహనపు బరువు తగ్గితే ఇంధన వ్యయం తగ్గుతుంది. విద్యుత్ వాహనమైతే అదే బ్యాటరీతో మరింత దూరం సాగుతుంది. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు కాగా, అల్యూమినియం సాంద్రత 2.7, కార్బన్ పోగులతో బలపరచిన పాలిమర్ కాంపోజిట్ సాంద్రత దాదాపు 1.6 గ్రాములు. అయితే వాహనమంతటినీ కాంపోజిట్‌తో నిర్మించడం అధిక వ్యయంతో కూడుకున్నది. కనుక లోహాన్నీ కాంపోజిట్‌నూ ఒకే నిర్మాణంలో కలపవలసి వస్తుంది. ఆ నిర్మాణపు మన్నికను ప్రధానంగా నిర్ణయించేది అతుకే.

ఉక్కు రేకులను కలిపే స్పాట్ వెల్డింగ్ ఇక్కడ పనికిరాదు. అల్యూమినియం సుమారు 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఎపాక్సీ రెసిన్ అంతకు చాలా ముందే విచ్ఛిన్నమవుతుంది. రివెట్లకోసం రంధ్రం చేస్తే పోగులు తెగి, దాని అంచున ప్రతిబలం కేంద్రీకృతమవుతుంది. లోహం కొంత సాగి ఆ ప్రతిబలాన్ని సర్దుబాటు చేసుకోగలదు. కాంపోజిట్‌కు ఆ గుణం స్వల్పం. జిగురు భారాన్ని విశాలమైన తలంపై పంచుతుంది గాని, అంచునుండి ఒలిచే బలానికి త్వరగా లొంగుతుంది. అందువల్ల రెండింటినీ కలిపి వాడే పద్ధతి ఏర్పడింది: జిగురు గట్టిపడేవరకు రివెట్లు భాగాలను పట్టి ఉంచుతాయి, ఆపై ఒలుపును అడ్డుకుంటాయి.

బలం చాలినా మరో రెండు సమస్యలు మిగులుతాయి. కార్బన్ పోగు విద్యుద్వాహకం. తేమ, ఉప్పు ఉన్నచోట అది అల్యూమినియాన్ని తాకితే లోహం ఆనోడ్‌గా మారి క్షయిస్తుంది. నివారణకై రెండింటి నడుమ గాజుపోగుల పొరనుగాని, విద్యుత్ ప్రసరించని జిగురు పొరనుగాని ఉంచుతారు. రెండవది ఉష్ణ వ్యాకోచం. రంగు గట్టిపరచే ఓవెన్‌లో ఉష్ణోగ్రత 20 నుండి 180 డిగ్రీలకు పెరిగితే మీటరు పొడవుగల అల్యూమినియం సుమారు 3.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కార్బన్ కాంపోజిట్ పోగుల దిశలో దాదాపు పెరగదు. జిగురు ఆ వేడిలోనే గట్టిపడితే, చల్లారిన పిదప అతుకులో ప్రతిబలం నిలిచిపోతుంది.

2013లో ఉత్పత్తి ఆరంభమైన బీఎండబ్ల్యూ ఐ3 కారు ఇందుకు ఒక సమాధానం. కార్బన్ కాంపోజిట్‌తో చేసిన ప్రయాణికుల విభాగాన్ని అల్యూమినియం ఛాసిస్‌పై జిగురుతోనూ బోల్టులతోనూ అమర్చారు. వెలుపలి ప్లాస్టిక్ ఫలకాలకు విడిగా రంగువేసి తరువాత బిగించారు. కనుక కలిసిన నిర్మాణం రంగు ఓవెన్ వేడికి గురికావలసిన అవసరం లేకపోయింది. అతుకు స్వభావాన్నిబట్టి తయారీ క్రమమే మారిందన్నమాట.

గట్టిగా అతికినదాన్ని విడదీయడం మాత్రం కష్టం. 2015 నుండి కాలం చెల్లిన వాహన భారంలో 95 శాతం పునర్వినియోగానికో, పునరుద్ధరణకో రావాలని ఐరోపా సమాజపు 2000 నాటి ఆదేశం నిర్దేశించింది. కాబట్టి అతుకు రూపకల్పనలో కలిపే విధానంతోపాటు విడదీసే విధానమూ మొదటే నిర్ణయం కావలసి ఉంది.