ఉతికిన బట్టలు, గోడమీద నల్ల మచ్చలు

వానాకాలం వచ్చిందంటే దగ్గుతో, పిల్లికూతలతో వచ్చే పిల్లలు ఎక్కువవుతారు. అప్పుడు మేము తల్లులను అడిగే ప్రశ్నల్లో ఒకటి: "బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారమ్మా?" బాత్‌రూము పక్క చిన్న గదిలోనో, పిల్లవాడు పడుకునే గదిలోనో తాడు కట్టామంటారు.

ఒక విడత ఉతికిన బట్టలు ఇంట్లో ఆరితే సుమారు 2 లీటర్ల నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. అసలే వానగాలి. ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక చల్లని గోడకు పట్టి చెమ్మవుతుంది. తడి 24 నుండి 48 గంటలు నిలిస్తే బూజు పుట్టవచ్చు. దాని నుండి లేచే కంటికి కనబడని రేణువులు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెస్తాయి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలలో చెప్పింది.

వీలైతే వరండాలో ఆరేయండి. గదిలో తప్పనప్పుడు కిటికీ తెరిచి, ఇంట్లోకి ఉన్న తలుపు మూయండి. ఫ్యాను తిరిగితే చాలదు, ఆ గాలి బయటికి పోవాలి. ఆదివారానికి తెల్ల చీర ఆరాలన్న తొందర మాకూ తెలుసు గాని, దాన్ని పసివాడి మంచం మీదుగా ఆరేయకండి. ముందువైపు తలుపుండే వాషింగ్ మెషీన్‌కు రబ్బరు అంచు తుడిచి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. చిన్నపిల్లలు అందులో దూరకుండా చూసుకోండి.

మచ్చ మీద సున్నం కొడితే కొన్నాళ్లు కనబడదు, అంతే. కారే పైపు, మూసుకుపోయిన తూము ముందు బాగుచేయించండి. తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకొని సబ్బునీళ్లతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. ఈ పని ఉబ్బసం ఉన్నవారు చేయరాదు.

ఒక్కటి మరువకండి. బ్లీచింగ్ పౌడరును బాత్‌రూము యాసిడ్‌తో ఎన్నడూ కలపవద్దు. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకం కావచ్చు. పొరపాటున కలిస్తే, కడగడానికి ఆగకుండా వెంటనే బయటికి వచ్చేయండి. దగ్గు, ఆయాసం, కళ్లమంట తగ్గకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.