డొప్ప ఒక్కటే కాపాడదు

హైదరాబాద్ బేగంబజార్ ఇనుప సామాన్ల కొట్లలో జాలీ కొనేవాళ్లు చాలామంది కిటికీకో కోళ్లగూటికో కొంటారు. పెరట్లో తాబేలుకు దొడ్డి కట్టేవాళ్లు మాత్రం కోళ్ల జాలీ జోలికి వెళ్లకూడదు. అది కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్కను బయట ఆపలేదు. అరంగుళం కన్నులున్న వెల్డ్ మెష్ అడగండి. దాన్ని అడుగు లోతున పాతి, కింది అంచును బయటివైపు వంచాలి. తవ్వుకుంటూ వచ్చిన పందికొక్కు అక్కడ ఆగిపోతుంది.

డొప్ప ఉందిగా, ఏమవుతుందని అనుకుంటారు. ఆ డొప్ప తాబేలు వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి ఏర్పడిన సజీవమైన ఎముక. పైపొర మన గోళ్లలో ఉండే కెరాటిన్. గాయమైతే రక్తం కారుతుంది, నొప్పి తెలుస్తుంది. కుక్క దాన్ని ఎముక కొరికినట్టే కొరుకుతుంది. వీధికుక్కల సంగతి సరే, ఇంట్లో ముద్దుగా పెరిగిన కుక్కను కూడా తాబేలుతో ఒంటరిగా వదలకూడదు. ఇందులో మొహమాటానికి తావు లేదు.

పిల్ల తాబేలు డొప్ప ఇంకా మెత్తగా ఉంటుంది. కాకి ముక్కుతో పొడిచినా చిల్లు పడుతుంది. అందుకే దొడ్డికి పైన కూడా జాలీ కప్పాలి. గ్రీసులో గోల్డెన్ ఈగిల్ తాబేలును పైకెత్తి బండ మీద పడేసి పగలగొడుతుంది. నాటకకర్త ఈస్కిలస్ నెత్తిమీద అలాగే తాబేలు పడి చనిపోయాడని పాత గాథ.

చలికాలం రాత్రుళ్లు మరీ ప్రమాదం. తాబేలు ఒంటి వేడి బయటి వాతావరణాన్ని బట్టే ఉంటుంది. చల్లబడితే కదలలేదు, ఎలుకలు కాళ్లు కొరుకుతున్నా తప్పించుకోలేదు. చీకటి పడకముందే గడియ ఉన్న పెట్టెలో పెట్టేయాలి.

మన నక్షత్ర తాబేలుకు ప్రకృతి ఇచ్చిన రక్షణలు అద్భుతం. పసుపు గీతలు ఎండుగడ్డిలో దాన్ని కనపడనివ్వవు. వెల్లకిలా పడ్డ తాబేలు వేటాడే జంతువుకు సులభంగా దొరుకుతుంది కదా, ఎత్తయిన గుండ్రటి వీపు వల్ల ఇది తేలిగ్గా బోర్లా తిరిగి లేస్తుంది. ఎలా పెట్టినా తనంతట తనే నిలబడే 'గోంబోట్స్' అనే ఆకారాన్ని 2006లో హంగరీ శాస్త్రజ్ఞులు తయారుచేశారు. దానికి చాలా దగ్గరగా ఉన్న డొప్ప ఈ తాబేలుదే!

ఇన్ని ఉన్నా మనిషి నుంచి తప్పించుకోలేకపోతోంది. రాయలసీమ పొదల నేలల్లో పట్టిన వాటిని దొంగతనంగా అమ్ముతారు. అదృష్టం తెస్తుందని కొనేవాళ్లుంటేనే కదా ఆ వ్యాపారం నడిచేది! 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. దీనితో పట్టుబడితే కనీసం మూడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో, విష్ణువు కూర్మరూపంలో కొలువైన గుడి ఆవరణలో వీటికి ప్రత్యేకంగా పార్కు ఉంది. చూడాలనుకుంటే అక్కడ చూడండి.

ఆఫ్రికా సల్కాటా లాంటి విదేశీ జాతుల తాబేళ్లను పెంచేవారు కేంద్ర ప్రభుత్వ 2024 నియమాల ప్రకారం దాని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

భద్రంగా ఉంటే తాబేలు మనకంటే ఎక్కువకాలం బతకగలదు. హైదరాబాద్ జూలో 2024 మార్చిలో కన్నుమూసిన గాలపాగోస్ తాబేలు వయసు 125 ఏళ్లని జూ అధికారులు చెప్పారు. తాబేలును ఇంటికి తెచ్చుకునే ముందు, మీ తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారో కూడా ఇంట్లో మాట్లాడుకోండి.