తోటి తల్లిదండ్రులే కొండంత అండ

పిలిచినా పలుకని బిడ్డ, వచ్చిన నాలుగు మాటలనూ మరచిన బిడ్డ, గంటల తరబడి ఒకే బొమ్మ చక్రాన్ని తిప్పుతూ కూర్చునే బిడ్డ. వైద్యులు దీనిని ఆటిజం అంటారు. ఇరుగుపొరుగు మాత్రం పెంపకంలో లోపమంటారు. బిడ్డ అవసరాలకు తోడు ఈ నిందను కూడా మోయవలసి రావడమే తల్లిదండ్రులను ఎక్కువగా కుంగదీస్తుంది.

ఆటిజం మెదడు వికాసంలోని భేదమే కాని, పెంపకం వలన కలిగేది కాదు. 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ పదకొండుమంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించారు. తరువాత చాలాకాలం తల్లుల నిరాదరణే దీనికి కారణమనే అపవాదు ప్రచారంలో ఉండినది. స్వయంగా ఒక ఆటిజం బాలుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో తన గ్రంథం ద్వారా ఆ వాదాన్ని ఖండించారు.

తల్లిదండ్రుల చొరవ

బ్రిటన్‌లో 1962లో తల్లిదండ్రులే సంఘంగా ఏర్పడ్డారు. ఢిల్లీలో 1991లో మెర్రీ బరువా అనే తల్లి ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ సంస్థను స్థాపించారు. మన కలకత్తాలోని ‘ఆటిజం సొసైటీ వెస్ట్ బెంగాల్’ కూడా తల్లిదండ్రుల చొరవతో ఏర్పడినదే.

ఇట్టి బృందాలు కేవలం ఓదార్పు మాటలకు పరిమితం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శిక్షణలో తొమ్మిది సామూహిక సమావేశాలు, మూడు గృహ సందర్శనలు ఉంటాయి. రెండు నుండి తొమ్మిదేళ్ళ పిల్లల సంరక్షకులకు ఇది ఉద్దేశింపబడినది. స్నానం, భోజనం, ఆట వంటి నిత్యకృత్యాలనే అవకాశంగా చేసుకొని బిడ్డతో సంభాషించడం, మొండితనం వెనుకనున్న కారణాన్ని గుర్తించడం, తమ ఆరోగ్యాన్ని తాము కాపాడుకోవడం ఇందులో నేర్పుతారు.

మెటియాబ్రుజ్‌లో మన పరిస్థితి

1856లో అవధ్ నుండి వాజిద్ అలీ షా తరలివచ్చిన నాటినుండి మెటియాబ్రుజ్ పరాయి ఊరివారికి ఆశ్రయమిస్తున్నది. అయితే ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబానికి అమ్మమ్మ, మేనమామ దగ్గర ఉండరు. ఆ లోటును కొంతైనా తీర్చగలిగినది తోటి తల్లిదండ్రుల బృందమే.

భాష విషయంలోనూ భయపడనక్కరలేదు. వీధిలో ఉర్దూ, బెంగాలీ, హిందీ వినిపిస్తున్నవని ఇంట్లో తెలుగు మానవలసిన పనిలేదు. రెండు భాషల వాతావరణం ఆటిజం పిల్లల మాటలకు హాని చేయదని పరిశోధనలు తెలుపుతున్నవి. తల్లి మనసు విప్పి లాలించేది మాతృభాషలోనే గదా!

సౌకర్యాలు

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజంను గుర్తించినది. ఆ ట్రస్టు వారి ‘నిరామయ’ బీమా క్రింద లక్ష రూపాయల వరకు వైద్య సహాయం లభిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోనూ ఆటిజం చేరినది. వికలాంగ ధ్రువపత్రం పొందడం మొదటి మెట్టు. ఏ కార్యాలయానికి వెళ్ళాలో, ఏ కాగితాలు కావాలో ముందు నడచినవారు చెప్పినంత స్పష్టంగా మరెవ్వరూ చెప్పలేరు.

నాలుగు కుటుంబాలు కలిస్తే చాలు, బృందం ఏర్పడినట్లే. నెలకొక ఆదివారం, ఒక గది, పిల్లలను కాసేపు ఆడించే ఇద్దరు పెద్దలు ఉంటే చాలును. ఇట్టి బిడ్డలు లేని కుటుంబాలు సైతం ఆ ఇద్దరు పెద్దలుగా ముందుకు రాగలవు. ఇరుగుపొరుగు చేయగల అసలైన సాయం అదే.