న్యాయశాస్త్రంలో పి.హెచ్.డి. – ప్రవేశం నుంచి పట్టా వరకు
(ప్రత్యేక వ్యాసం)

చట్టాలను శాసనసభలు రూపొందిస్తాయి, న్యాయస్థానాలు వ్యాఖ్యానిస్తాయి. చట్టం ఆశించిన ప్రయోజనం సామాన్యునికి అందినదీ లేనిదీ పరిశీలించి చెప్పే బాధ్యత న్యాయశాస్త్ర పరిశోధనది. తెలుగు రాష్ట్రాలలో ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ విశ్వవిద్యాలయాలతో పాటు 1998లో హైదరాబాదులో ఏర్పడిన నల్సార్, 2008లో విశాఖపట్నంలో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఈ పరిశోధనకు అవకాశం కల్పిస్తున్నాయి. అయితే ఈ పట్టాకు నిర్దిష్టమైన కాలపరిమితి ఉంది. నిబంధనలను ముందుగా తెలుసుకోకుండా చేరినవారి అనేక సంవత్సరాల శ్రమ పట్టా చేతికి రాకుండానే ముగిసిపోయే ప్రమాదం లేకపోలేదు.

అర్హత, ప్రవేశం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2022 నవంబరు 7న ప్రకటించిన నిబంధనలు 2016 నాటి నిబంధనల స్థానంలో అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం న్యాయశాస్త్రంలో సాధారణంగా ఎల్.ఎల్.ఎం. పట్టాను కనీసం 55 శాతం మార్కులతో పొంది ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలు, క్రీమీలేయరుకు చెందని ఇతర వెనుకబడిన తరగతులు, దివ్యాంగులు, ఆర్థికంగా బలహీన వర్గాల వారికి 5 శాతం సడలింపు ఉంది. విశ్వవిద్యాలయం స్వయంగా ప్రవేశ పరీక్ష నిర్వహించినప్పుడు అందులో సగం ప్రశ్నలు పరిశోధనా పద్ధతులపైన, మిగిలిన సగం సంబంధిత విషయంపైన ఉంటాయి. పరీక్షకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం ప్రాధాన్యం ఉంటుంది. జాతీయ అర్హత పరీక్ష (నెట్)లో సాధించిన మార్కులను కూడా 2024 జూన్ పరీక్ష నుంచి పి.హెచ్.డి. ప్రవేశాలకు పరిగణిస్తున్నారు.

పర్యవేక్షకుని ఎంపిక

ఒక ప్రొఫెసరు ఒకే సమయంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 గురికి మించి పర్యవేక్షించరాదు. పదవీ విరమణకు మూడు సంవత్సరాల కన్నా తక్కువ వ్యవధి ఉన్నవారు కొత్త విద్యార్థులను స్వీకరించరాదు. అందువల్ల పరీక్షలో ఉత్తీర్ణులైనప్పటికీ గైడు వద్ద ఖాళీ లేని పక్షంలో సీటు లభించదు. దరఖాస్తుకు పూర్వమే ఈ ఖాళీలను విచారించుకోవడం శ్రేయస్కరం.

పరిశోధనాంశం

న్యాయశాస్త్ర పరిశోధన ముఖ్యంగా రెండు విధాలు. చట్టాలను, తీర్పులను విశ్లేషించేది ఒకటి. క్షేత్రస్థాయిలో చట్టం అమలును పరిశీలించేది మరొకటి. ఏజెన్సీ ప్రాంతాలలో '1/70 చట్టం'గా పేరొందిన భూ బదలాయింపు నిబంధననే ఉదాహరణగా తీసుకోవచ్చు. 1959 నాటి నిబంధనకు 1970లో చేసిన ఈ సవరణను, గనుల లీజులపై 1997లో సుప్రీంకోర్టు వెలువరించిన సమతా తీర్పును విశ్లేషించడం మొదటి పద్ధతి. గిరిజనునికి అనుకూలంగా ఉత్తర్వు వెలువడిన తరువాత ఆ భూమి నిజంగా అతని స్వాధీనంలోకి వచ్చిందా అని గ్రామాలకు వెళ్లి పరిశీలించడం రెండవ పద్ధతి.

పరిశోధన మధ్యలోనే చట్టం మారిపోవడం ఈ రంగంలోని ప్రత్యేక సమస్య. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి రావడంతో, పాత శిక్షాస్మృతిపైన, సాక్ష్య చట్టంపైన పరిశోధిస్తున్నవారు తమ అధ్యాయాలను పునఃపరిశీలించుకోవలసిన అవసరం ఏర్పడింది.

కాలపరిమితి

కోర్సు వర్కుతో కలిపి కనీస వ్యవధి 3 సంవత్సరాలు, గరిష్ఠ వ్యవధి 6 సంవత్సరాలు. తిరిగి రిజిస్ట్రేషన్ ద్వారా మరో 2 సంవత్సరాలు పొడిగించవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి అదనంగా మరో 2 సంవత్సరాల సడలింపు ఉంది. అయితే మొత్తం 10 సంవత్సరాలకు మించరాదు. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ నిమిత్తం 240 రోజుల వరకు సెలవు లభిస్తుంది. వివాహం తదితర కారణాలతో వేరొక ఊరికి వెళ్లవలసి వస్తే పరిశోధనను అక్కడి విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకునే వీలు కూడా ఉంది. ఈ సౌకర్యం గురించి తెలియక చదువు మానుకోవలసిన అవసరం లేదు.

ఉద్యోగులకు అవకాశం

ఉద్యోగంలో ఉన్నవారు పార్ట్ టైమ్ పద్ధతిలో చేరవచ్చు. పరిశోధనకు తగిన సమయం ఇవ్వగలమని, అవసరమైతే కోర్సు వర్కు పూర్తికి విధుల నుంచి విడుదల చేస్తామని తెలిపే నిరభ్యంతర పత్రాన్ని కార్యాలయం నుంచి సమర్పించాలి. దూరవిద్య, ఆన్‌లైన్ విధానాలలో పి.హెచ్.డి.కి అనుమతి లేదు. అటువంటి ప్రకటనల పట్ల అభ్యర్థులు అప్రమత్తంగా ఉండాలి.

సిద్ధాంత గ్రంథ సమర్పణ

గ్రంథచౌర్యంపై 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యతకు చర్య ఉండదు. 60 శాతం మించితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మూలాన్ని సక్రమంగా పేర్కొని ఉటంకించిన భాగాలు ఈ లెక్కలోకి రావు. తీర్పులను విరివిగా ఉటంకించే న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ అంశాన్ని గమనించాలి. గ్రంథాన్ని పర్యవేక్షకునితో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు పరిశీలిస్తారు. బహిరంగ మౌఖిక పరీక్షతో సహా మూల్యాంకనం 6 నెలలలో పూర్తి కావాలి.

కార్యాలయాల సహకారం

క్షేత్ర పరిశోధనకు రెవెన్యూ, పోలీసు, గిరిజన సంక్షేమ కార్యాలయాల రికార్డులే ఆధారం. సమాచార హక్కు చట్టం–2005 కింద సాధారణంగా 30 రోజులలో సమాచారం అందజేయాలి. ఒక రికార్డు కోసం ఏడాది నిరీక్షించవలసి వస్తే పరిశోధకుని కాలపరిమితిలో ఒక ఏడాది తరిగిపోయినట్లే. నేడు రికార్డు అడిగిన విద్యార్థి రాసే గ్రంథమే రేపు ఆ చట్టంలోని లోపాన్ని సవరించేందుకు తోడ్పడవచ్చు. అందుచేత పరిశోధకుల అభ్యర్థనలను సకాలంలో పరిష్కరించడం అధికార యంత్రాంగానికి కూడా ప్రయోజనకరం.