ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీష్: పిల్లల మెదడుకు బరువా?



"మేడం, బాబుకి ఇంగ్లీష్ రావాలంటే ఇంట్లో తెలుగు మానేయాలా?" పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. అవసరం లేదు. ఎందుకో చూద్దాం.

నిమ్స్ పరిశోధన ఏం చెప్పింది?

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా, అంటే తీవ్రమైన మతిమరుపు జబ్బు ఉన్న 648 మంది వివరాలను పరిశీలించింది. వారిలో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారిలో జబ్బు సగటున 61 ఏళ్లకు మొదలైతే, వీరిలో 65 దాటాక మొదలైంది. తేడా సుమారు నాలుగున్నర ఏళ్లు! బడికి వెళ్లనివారిలోనూ ఈ తేడా కనిపించింది. 2013లో ఈ ఫలితాలు 'న్యూరాలజీ' పత్రికలో వచ్చాయి.

రెండు భాషలొస్తే జబ్బు రాదని దీని అర్థం కాదు. తర్వాతి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు కూడా. అయినా, రెండో భాష మెదడుకు బరువన్న భయానికి ఇందులో ఆధారం లేదు.

మెదడులో ఏం జరుగుతుంది?

రెండు భాషలు వచ్చినవారు ఒకటి మాట్లాడుతున్నా, రెండోదీ మెదడులో మేలుకునే ఉంటుంది. ఎదుటి మనిషిని బట్టి ఒకదాన్ని ఆపి, మరొకదాన్ని బయటికి తేవాలి. ఈ రోజువారీ సాధనే మెదడుకు మేలు చేస్తుందని పరిశోధకుల వివరణ.

మన ముత్తంగి, పటాన్‌చెరు వైపు కంపెనీల్లో పనికోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలెన్నో. ఆ పిల్లలు ఇంట్లో ఒడియానో భోజ్‌పురినో, వీధిలో హిందీ, తెలుగు, క్లాసులో ఇంగ్లీష్ మాట్లాడతారు. ఇంటి భాష ఏదైనా ఇదే మాట వర్తిస్తుంది.

ఇంట్లో ఏం చేయాలి?

• మీకు బాగా వచ్చిన భాషలోనే ధారాళంగా మాట్లాడండి. తడబడే ఇంగ్లీష్‌లో రెండు ముక్కల కన్నా, సొంత భాషలో పది నిమిషాల కబుర్లు మేలు.
• క్లాసులో విన్న పాఠాన్ని తెలుగులో చెప్పమనండి. అర్థమైందో లేదో అక్కడే తెలిసిపోతుంది.
• రెండు భాషలు కలిపి మాట్లాడితే కసరకండి. అది సహజం.
• నానమ్మ, తాతయ్యలతో రోజూ మాట్లాడనివ్వండి. ఇంటి భాష పోతే ముందు తెగేది ఆ బంధమే.

ఇంగ్లీష్ నేర్పే బాధ్యత మాది. ఇంటి భాషను నిలబెట్టే పని మీది.